సర్టిఫికెట్ల ఫైలు లావెక్కితే ఫెలోషిప్ వస్తుందా?

ప్రశ్న: నేను అనంతపురంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మూడో సెమిస్టరు చదువుతున్నాను. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాన్న శెనక్కాయ రైతు. డిగ్రీ వరకు తెలుగు మీడియంలోనే చదివాను. మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఎప్పుడు చూసినా ఏదో ఒక సెమినార్ ప్రకటన ఉంటుంది. ఫీజు కట్టి వెళ్లి సర్టిఫికెట్లు పోగుచేసుకుంటేనే ముందు ముందు ఫెలోషిప్ వస్తుందని సీనియర్లు చెబుతున్నారు. ఆ డబ్బు నాన్నను అడగడానికి మనసొప్పడం లేదు. వచ్చే నెలలో తరగతి ముందు నేనే ఇరవై నిమిషాలు సెమినార్ ఇవ్వాలి. తలుచుకుంటేనే చేతులు చల్లబడుతున్నాయి. ఈలోగా హైదరాబాదు దగ్గరి మందుల కంపెనీ ఒకటి, చదువు పూర్తికాగానే క్వాలిటీ కంట్రోల్‌లో చేరమంటోంది. నాకేమో పరిశోధన చేయాలని ఉంది. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, అనంతపురం జిల్లా

సమాధానం: అమ్మా, ముందుగా మీ సీనియర్ల మాట సంగతి తేల్చుకుందాం. సెమినార్ సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా వాటి వల్ల జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) రాదు. కేంద్ర సంస్థలైన సీఎస్ఐఆర్, యూజీసీ కలిసి ఇచ్చే ఆ ఫెలోషిప్‌కు ఎంపిక కేవలం నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో తెచ్చుకున్న మార్కుల మీద జరుగుతుంది. అందులో ఇంటర్వ్యూ లేదు, ఫైలు తెరిచి చూసే కమిటీ లేదు, సర్టిఫికెట్‌కు ఇన్ని అని కలిపే మార్కులూ లేవు. ఆ తరువాత పీహెచ్‌డీ ప్రవేశానికి విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూ చేస్తుంది, నిజమే. కానీ అక్కడ కూర్చున్న అధ్యాపకులు మీ ప్రాజెక్టులో ఏం చేశారో, ఎందుకు చేశారో అడుగుతారే తప్ప సర్టిఫికెట్లను లెక్కపెట్టరు.

మరి ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందంటే, దానికీ ఒక కారణం ఉంది. యూజీసీ 2016లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, పరిశోధక విద్యార్థి సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు ఒక పరిశోధన పత్రం ప్రచురించి, సదస్సుల్లో రెండు పత్రాలు సమర్పించి ఉండాలి. అధ్యాపకుల పదోన్నతి లెక్కల్లోనూ సదస్సులకు పాయింట్లు ఉండడంతో, ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ గిరాకీ పెరిగి, ఊరూరా జాతీయ సదస్సులు, అంతర్జాతీయ సదస్సులు పుట్టుకొచ్చాయి. 2022లో వచ్చిన కొత్త నిబంధనలు ఆ తప్పనిసరిని తీసివేశాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ సొంత నియమాల్లో ఇప్పటికీ ఏదో ఒక రూపంలో దాన్ని ఉంచుకోవచ్చు కనుక, పీహెచ్‌డీలో చేరాక అక్కడి నియమావళిని చదువుకోండి. అదంతా అప్పటి సంగతి. ఎమ్మెస్సీ విద్యార్థినిగా మీకు ఆ నిబంధన ఏనాడూ వర్తించలేదు. సీనియర్లు మీకు అబద్ధం చెప్పలేదు, తమ సీనియర్ల దగ్గర విన్నదాన్ని అలాగే మీకు అప్పజెప్పారు.

అయితే సెమినార్లే వద్దని నా అభిప్రాయం కాదు. ఏది వినదగినదో చూసుకుని వెళ్లమంటాను. ప్రకటన కాగితం చేతికి రాగానే ఫీజు గడి కాకుండా వక్తల పేర్లు చూడండి. వచ్చేవారు ఏ అంశం మీద పని చేశారో అంతర్జాలంలో పది నిమిషాలు వెతికితే తెలిసిపోతుంది. రసాయన శాస్త్రం నుంచి వాణిజ్యం దాకా, నానో పదార్థాల నుంచి యోగా దాకా అన్నింటినీ ఒకే వేదిక మీద, ఒకే రోజున ముగించే సదస్సులో మీకు దొరికేది భోజనం కూపనూ ఒక సంచీ మాత్రమే. సారాంశం పంపిన గంటలోనే 'మీ పత్రం ఆమోదించబడింది, ఫీజు చెల్లించండి' అని జవాబు వస్తే, దాన్ని ఎవరూ చదవలేదని అర్థం చేసుకోండి.

అసలు మంచి సెమినార్లకు చాలా వరకు ఫీజే ఉండదు. బయటి నుంచి వచ్చిన శాస్త్రవేత్త మధ్యాహ్నం మూడింటికి మీ సెమినార్ హాల్లో ఇచ్చే ఉపన్యాసం, ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం నాటి ప్రసంగం, అన్నిటికంటే ముఖ్యంగా పీహెచ్‌డీ వైవాలు. సిద్ధాంత గ్రంథం మీద జరిగే మౌఖిక పరీక్షకు అధ్యాపకులు, పరిశోధకులు ఎవరైనా హాజరు కావచ్చు. ఎమ్మెస్సీ పిల్లలు మాత్రం 'మనకెందుకులే' అని గుమ్మం దాటరు. నన్నడిగితే డిపార్ట్‌మెంట్‌లో నేర్చుకోవలసిన విద్యలో సగం అక్కడే దొరుకుతుంది. అయిదేళ్లు పని చేసిన మనిషిని బయటి పరీక్షకుడు ఎక్కడ పట్టుకుంటాడో, 'ఈ దిగుబడి ఎన్నిసార్లు వచ్చింది?', 'ఖాళీ నమూనాతో పోల్చి చూశారా?' అన్న చిన్న ప్రశ్నల దగ్గర ఎంత పెద్ద థీసిస్ అయినా ఎలా తడబడుతుందో కళ్లారా చూడవచ్చు. ఇంకోసారి మీ డిపార్ట్‌మెంట్‌లో వైవా నోటీసు పడితే వెనక వరుసలో కాకుండా నాలుగో వరుసలో కూర్చోండి. అడిగిన ప్రశ్నలన్నీ నోటు పుస్తకంలో రాసుకోండి.

ఇక మీ ఇరవై నిమిషాల సెమినార్. భయానికి మందు అంశం ఎంపికలోనే ఉంది. చాలామంది విద్యార్థులు 'గ్రీన్ కెమిస్ట్రీ', 'నానో టెక్నాలజీ అనువర్తనాలు' వంటి ఆకాశమంత శీర్షికలు తీసుకుని, ఎక్కడెక్కడివో నలభై స్లైడ్లు దించుకుని, తెరవైపు తిరిగి చదువుతారు. అడిగిన మొదటి ప్రశ్నకే నీళ్లు నమలవలసి వస్తుంది. మీరు చిన్న అంశం తీసుకోండి, మీ ఊరి అంశమే తీసుకోండి. అనంతపురం జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువ, దాన్ని ఎలా కొలుస్తారు అన్న రెండు ప్రశ్నలకు ఇరవై నిమిషాలు చాలవు.

మొదటి ప్రశ్నకు జవాబు మీరు ఇంటర్మీడియట్‌లో చదివిన ద్రావణీయతా లబ్ధంలో, అంటే ఒక లవణం నీటిలో ఎంతవరకు కరిగి ఉండగలదో చెప్పే విలువలో ఉంది. ఇక్కడి గ్రానైటు, నైస్ రాళ్లలో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలు ఉండడం వల్ల వాటి నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి చేరుతుంది. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉంటే కాల్షియం ఫ్లోరైడ్ అవక్షేపమై ఫ్లోరైడ్ ఒక హద్దు దాటకుండా ఆగుతుంది. కానీ మెట్ట ప్రాంతంలో లోతైన పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో బైకార్బొనేట్ పెరిగి, కాల్షియం కార్బొనేట్ రూపంలో కాల్షియం బయటికి పోయి, సోడియం మిగులుతుంది. కాల్షియం తగ్గిన చోట ఫ్లోరైడ్‌ను పట్టి ఆపేది ఉండదు. బోర్లు లోతుకు పోయేకొద్దీ బెడద ఎందుకు పెరిగిందో మీ నాన్నగారికి కూడా ఈ ఒక్క సమీకరణంతో వివరించవచ్చు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చని, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా సహించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి.

రెండో ప్రశ్న ఇంకా రుచిగా ఉంటుంది. లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం అమర్చిన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు మీ ఎనలిటికల్ ల్యాబ్‌లో ఉంటే, ఇన్‌చార్జి అధ్యాపకుల అనుమతి తీసుకుని ఒక సాయంత్రం దానితో గడపండి. నీటి నమూనాకు సమానంగా టైసాబ్ ద్రావణం కలపమని ప్రయోగ పుస్తకంలో ఉంటుంది. అందరూ కలుపుతారు గానీ ఎందుకో అడిగితే చెప్పేవారు తక్కువ. అది ఒకేసారి మూడు పనులు చేస్తుంది. పీహెచ్‌ను 5, 5.5 మధ్య నిలుపుతుంది, ఎందుకంటే అంతకంటే బాగా తగ్గితే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి ఎలక్ట్రోడుకు కనబడకుండా పోతుంది, బాగా పెరిగితే హైడ్రాక్సైడ్ అయాన్లు ఎలక్ట్రోడును మోసం చేస్తాయి. అల్యూమినియం, ఇనుము అయాన్లను తాను పట్టుకుని, వాటి గుప్పిట్లో ఉన్న ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. నమూనాలన్నిటిలోనూ అయానిక బలాన్ని ఒకే స్థాయికి తెస్తుంది. తరువాత లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న ప్రమాణ ద్రావణంలో ఒకసారి, 10 మిల్లీగ్రాములు ఉన్నదానిలో ఒకసారి ఎలక్ట్రోడు ముంచి, 25 డిగ్రీల దగ్గర రీడింగుల తేడా సుమారు 59 మిల్లీవోల్టులు వస్తోందో లేదో చూడండి. గాఢతకూ వోల్టేజికీ ఉన్న సంబంధం చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణం పాఠ్యపుస్తకం వదిలి మీటరు మీదికి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. రాకపోతే, ఎందుకు రాలేదన్నదే మీ సెమినార్‌లో అన్నిటికంటే మంచి భాగం అవుతుంది. వీలైతే మీ ఊరి బోరు నీళ్లు ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టుకొచ్చి అదీ కొలవండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్‌కూ గాజుకూ పడదు.

స్లైడ్లు పన్నెండు మించనివ్వకండి. సమీకరణాలను బోర్డు మీద సుద్దముక్కతో రాయండి, చేతికి పని ఉంటే వణుకు తగ్గుతుంది. భాష గురించి మీరు ఉత్తరంలో నేరుగా అడగకపోయినా, తెలుగు మీడియం అన్న ముక్కలో ఆ బెంగ కనబడుతోంది. మొదటి మూడు నిమిషాలకూ చివరి నిమిషానికీ చెప్పవలసిన వాక్యాలను ఇంగ్లీషులో పొట్టిగా రాసుకుని, గది తలుపు వేసుకుని పైకి చదువుతూ నోటికి తెచ్చుకోండి. మధ్యలో మాట దొరకనప్పుడు తెలుగులో చెప్పి ముందుకు సాగండి, అనంతపురంలో ఆ హాల్లో కూర్చున్న వారిలో తెలుగు రానివారు ఎంతమంది ఉంటారు? జవాబు తెలియని ప్రశ్న వస్తే 'నాకు తెలియదు సార్, చూసి చెబుతాను' అనండి. ఆ వారంలోనే చూసి, నిజంగానే వెళ్లి చెప్పండి. అలా చెప్పే విద్యార్థులు అరుదు కనుక, రేపు సిఫారసు ఉత్తరం రాయవలసి వచ్చినప్పుడు ఆ అధ్యాపకులకు మీరు గుర్తుంటారు.

ఇప్పుడు పరీక్ష. నెట్‌కు ఏడాదికి రెండు విడతలుంటాయి, జూన్ పేరుతో ఒకటి, డిసెంబరు పేరుతో ఒకటి. ఎమ్మెస్సీ చదువుతున్నవారు కూడా ఫలితం రావలసి ఉన్న అభ్యర్థులుగా రాయవచ్చు కనుక, పట్టా చేతికి వచ్చేదాకా ఆగనక్కర లేదు. కెమికల్ సైన్సెస్ పేపరు మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్ ఏలో 20 ప్రశ్నల్లో 15, పార్ట్ బీలో 40లో 35 రాయాలి, వీటికి రెండేసి మార్కులు. పార్ట్ సీలో 60 ప్రశ్నలిచ్చి 25 మాత్రమే రాయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత ఉంటుంది. అంటే సగం మార్కులు పార్ట్ సీలోనే ఉన్నాయి, అక్కడ సగానికి పైగా ప్రశ్నలను వదిలేసే స్వేచ్ఛ కూడా మీకు ఉంది. ఆర్గానిక్, ఇనార్గానిక్, ఫిజికల్ మూడింటినీ సమానంగా తలకెత్తుకుని ఏదీ లోతుగా రాకుండా పోవడం కంటే, రెండింటిని గట్టిగా పట్టి మూడోదానిలో సులువైన అధ్యాయాలు ఏరుకోవడం మేలు. మన పిల్లలు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది పార్ట్ ఏను. శాతాలు, గ్రాఫులు, తర్కం వంటి ఆ 30 మార్కులకు రసాయన శాస్త్రంతో పని లేదు. కటాఫ్‌కు నాలుగైదు మార్కుల దూరంలో ఆగిపోయేవారిలో చాలామంది వాటిని చేజేతులా పోగొట్టుకున్నవారే. పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఆ సదస్సుల ఫీజు మిగిల్చి, అణువుల సౌష్ఠవాన్ని వివరించే గ్రూప్ థియరీ మీద ఒక మంచి పుస్తకం కొనుక్కోండి.

ఫెలోషిప్ వస్తే ఎంత వస్తుందో ఇంట్లో చెప్పడానికి కూడా మీకు అంకె తెలిసి ఉండాలి. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తరువాత పనిని సమీక్షించి సీనియర్ ఫెలోషిప్‌కు మారిస్తే 42,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం, మొత్తం అయిదేళ్ల వరకు. అయితే ఇది ఒకటో తారీఖున బ్యాంకులో పడే జీతం లాంటిది కాదు. హాజరు ధ్రువీకరణ కాగితాలు ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి నడిచే క్రమంలో రెండు మూడు నెలలు ఆగి ఒకేసారి రావడం కద్దు. ఇంటికి పంపే డబ్బు మీద ఎవరైనా ఆధారపడి ఉంటే ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

జేఆర్ఎఫ్ అందలేదని అన్ని తలుపులూ మూసుకుపోవు. 2024 నుంచి నెట్‌లో జేఆర్ఎఫ్, లెక్చరర్ అర్హతలకు తోడు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత అన్న మూడో తరగతి కూడా ఉంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి ఏపీ ఆర్‌సెట్ ఉంది. గేట్ అనే మరో జాతీయ పరీక్షలో కెమిస్ట్రీ పేపరు రాస్తే ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఐఐటీలలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరితే మీ చేతికి నెలనెలా వచ్చేది ఏమీ ఉండకపోవచ్చు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివారికి నెలకు 8,000 ఇచ్చే పద్ధతి ఇక్కడ లేదు. 'ముందు చేరమ్మా, తరువాత ఏదో ఒక ప్రాజెక్టులో చూద్దాం' అని ఎవరైనా ఆదరంగా అన్నా సరే, ఆ ప్రాజెక్టు మంజూరైందా, ఎన్నేళ్లకు, అందులో ఫెలో పోస్టు ఉందా అని మర్యాదగా అడిగి తెలుసుకోండి. అడగడం అమర్యాద కాదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు పీహెచ్‌డీ కోసం వేరుగా జాతీయ ఫెలోషిప్‌లున్నాయి. తల్లిదండ్రులకు ఒక్కతే సంతానమైన అమ్మాయిలకు యూజీసీ సావిత్రీబాయి ఫూలే పేరుతో మరొకటి ఇస్తోంది. వీటిలో మీకు ఏది వర్తిస్తుందో మీకే తెలియాలి. ఓబీసీ అయితే నాన్ క్రీమీలేయర్ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే ఉండాలని, పాతది చెల్లదని మరిచిపోకండి. ఇంటర్ కోసం తీయించిన కుల ధ్రువీకరణ పత్రం చూపించి చివరి రోజున తహశీల్దారు కార్యాలయం చుట్టూ పరుగులు పెట్టినవారు చాలామంది.

మూడు సైన్సు అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలలు దేశంలోని మంచి ప్రయోగశాలల్లో పని చేయించే ఫెలోషిప్ ఒకటి ఉంది. ఎమ్మెస్సీలో అది మొదటి సంవత్సరంలో ఉండగానే దరఖాస్తు చేసుకోవలసినది కనుక మీకు గడువు దాటింది. మీ జూనియర్లకు ఇప్పుడే చెప్పండి. నోటీసు బోర్డు మీద ఇలాంటివి సదస్సుల రంగురంగుల పోస్టర్ల కింద పడి కనబడకుండా పోతాయి. జేఆర్ఎఫ్ వచ్చాక గేటు దగ్గర పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీ కట్టడంలో చూపే ఉత్సాహంలో పదో వంతు, ఆ దరఖాస్తు తేదీలను తరగతిలో చదివి వినిపించడంలో చూపితే ఎంత బాగుంటుందో!

చివరిగా కంపెనీ ఉద్యోగం. దాన్ని చిన్నచూపు చూడకండి. క్వాలిటీ కంట్రోల్‌లో, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరం మీద ఏడాది పని చేసినవారికి క్రోమటోగ్రఫీ మీద వచ్చే పట్టు, దాన్ని సెమిస్టరుకు ఒకసారి దూరం నుంచి చూసినవారికి రాదు. ప్రతి రీడింగూ అప్పటికప్పుడు నమోదు చేసి సంతకం పెట్టే క్రమశిక్షణ పరిశోధనలోనూ పనికొస్తుంది. ఇబ్బంది షిఫ్టులతోనే. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు గ్రూప్ థియరీ చదవడం అందరి వల్లా కాదు. కాబట్టి నా సలహా ఇది. ఇంటి మీద వడ్డీకి తెచ్చిన అప్పు ఉండి, మీ జీతం లేకపోతే గడవని పరిస్థితి ఉంటే చేరండి, చేరి రెండేళ్ల హద్దు పెట్టుకుని నెట్ రాస్తూనే ఉండండి. జేఆర్ఎఫ్ వయోపరిమితిలో ఆడపిల్లలకు అయిదేళ్ల సడలింపు ఉంది కనుక తొందర లేదు. కంపెనీ నిరభ్యంతర పత్రం ఇస్తే ఉద్యోగంలో ఉంటూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేయడానికి కూడా 2022 నిబంధనలు వీలిచ్చాయి. అప్పు ఒత్తిడి లేకపోతే, పరీక్షలయ్యాక ఒక ఏడాది పూర్తిగా చదువుకే ఇవ్వమంటాను. ఒక ఏడాదిలో రెండు నెట్‌లు, ఒక గేట్ వస్తాయి.

ఏది ఎంచుకున్నా, ఈ నెలలో కంపెనీకి జవాబు రాసేటప్పుడు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి. చేరవలసిన తేదీని చివరి సెమిస్టరు పరీక్షల తరువాతకు జరపగలరా, ఇన్నేళ్లు పని చేస్తామని బాండు రాయించుకుంటారా. బాండు ఉంటే అది ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది తెలియకుండా సంతకం పెట్టవద్దు. అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే ఒప్పుకోవద్దు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు మీకు కావలసినవి అవే.